ఏడో రంధ్రం, పదమూడు మీటలు

అనంతగిరి,
క్రోధన సంవత్సరం, పుష్య మాసం.

పూజ్యులైన అన్నయ్య అప్పలస్వామి గారికి తమ్ముడు పైడయ్య చేతులు జోడించి రాసుకున్నది. అమ్మనీ, వదిననీ, పిల్లలనీ పేరుపేరునా అడిగానని చెప్పు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, తింటున్నాను, రోడ్డు పనికి పోతున్నాను. చలి మాత్రం చెప్పనలవి కాదు. పొద్దున్నే పనిలోకి దిగితే పక్కవాడి గునపం చప్పుడు వినబడుతుంది గాని పక్కవాడు కనబడడు. మంచు విడేసరికి ఎవడు ఏ బండ మీద కొడుతున్నాడో తెలుస్తుంది. అక్కడ మీరంతా కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం ఉప్పు బళ్లవాడు తెచ్చి ఇచ్చాడు. పంపిన కంబళి చలికి ఆగుతోందా అని అడిగావు. కంబళి లేదు. ఎక్కడికి పోయిందో కిందికి చదివితే తెలుస్తుంది, తిట్టడం అప్పుడు మొదలుపెట్టు. పోయిన ఉత్తరం వేరే దస్తూరీలో ఉందేమని అడిగావు. తీరిక లేక బంగళా కాపలాదారు ఆదినారాయణ చేత రాయించాను. ఇక అసలు సంగతి. మాఘంలో పెళ్లిళ్లున్నాయి, నీ పక్కన రెండో సన్నాయి చోటు నాకోసం ఖాళీగా ఉంచావు, అప్పారావు రోజూ ఇంటికొచ్చి ఆ చోటు తనకిమ్మని అడుగుతున్నాడు, వస్తావో రావో ఒక్క మాట తేల్చమన్నావు. తేల్చే రాస్తాను. కాని ముందు నేను చెప్పేది వినాలి. ఇది గొట్టాల సంగతి, వేళ్ల సంగతి. మన ఇంట్లో నీకు తప్ప ఎవరికీ పట్టదు.

కార్తీకంలో డుంబ్రిగుడ సంతకు వెళ్లాను. అక్కడ సర్వేశ్వరరావు అని కింద మన పల్లపు ఊళ్ల నుంచి వచ్చిన వర్తకుడు ఉప్పు, పొగాకు, కిరసనాయిలు అమ్ముతాడు. నేను వెళ్లేసరికి సీసాలోకి కిరసనాయిలు పోస్తున్నాడు. పోస్తున్న గరాటు చూసి నా కాళ్లు ఆగిపోయాయి. నల్ల చెక్క, అంచున తెల్లటి లోహపు పట్టీ, సన్నాయి కింద ఉండే గిన్నెలాగే విచ్చుకుని ఉంది.

"ఏటండీ ఇది? ఊదే సామాను తెచ్చి గరాటు సేసేసేరా?" అని అరిచాను.

"ఊదేదో పొడిసేదో నాకేటి తెలుసు బావూ! దొర బంగళా ఖాళీ సేసి పోతే ఏలంలో ఓ పెట్టి కొన్నాను. అందులో అన్నీ కట్టిముక్కలే. పనికొచ్చింది ఇదొక్కటే."

"మిగతావేవి?"

"తక్కిడ పక్కన ఉన్నాయి, సూసుకో. సేత్తో ముట్టుకున్నావంటే మరి కొన్నట్టే."

ముట్టుకున్నాను. వెల కింద కంబళి అక్కడ దిగిపోయింది. సంత నుంచి అనంతగిరి దాకా ఆ గరాటుతో సహా పెట్టె నెత్తిన పెట్టుకుని, వణుకుతూ, ఆ వర్తకుణ్ణి తిట్టుకుంటూ నడిచాను. గిన్నెలో కిరసనాయిలు వాసన ఇప్పటికీ పోలేదు. నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది.

దాని పేరు క్లారినెట్టు. విజయనగరం కోట ముందు బ్యాండువాళ్ల చేతుల్లో నువ్వూ నేనూ దూరం నుంచి చూశాం, గుర్తుందో లేదో. అయిదు ముక్కలు. ఒకదానికొకటి బెండు చుట్టిన చోట దూరుతాయి. నడిమి రెండు ముక్కల మీద రంధ్రాలూ, వాటి చుట్టూ మీటలూ. మొత్తం పదమూడు మీటలు. కొన్ని ఊరికే ఉన్నప్పుడు రంధ్రాన్ని మూసి ఉంచుతాయి, నొక్కితే తెరుస్తాయి. కొన్ని ఊరికే ఉన్నప్పుడు తెరిచి ఉంటాయి, నొక్కితే మూస్తాయి. ఈ తేడా తెలుసుకోవడానికే నాకు వారం పట్టింది, ఎందుకంటే చెప్పేవాడు లేడు, చూసి తెలుసుకోవాల్సిందే. మీటలకు కిందున్న తోలు బిళ్లలు చెదలు తినేశాయి. మేక తోలు పలచగా గీకి కొత్తవి అతికించాను.

తరవాత మనవాళ్లు తప్ప లోకంలో ఎవడూ చెయ్యని తప్పు చేశాను. అయిదు ముక్కల్లో ఒకటి పిట్టముక్కులా ఏటవాలుగా కోసేసి ఉంది, కింద పొడుగాటి సందు. విరిగిపోయిన ముక్కనుకుని అవతల పారేశాను. నా సన్నాయి పీక తీసి, గుడ్డ చుట్టి, దాని తరవాతి ముక్కలో దూర్చి ఊదాను. అన్నయ్యా, ఆ కూత నువ్వు వినాల్సింది. నాతో పనిచేసే బుధు పక్కనే ఉన్నాడు. కొండల్లోని పోర్జా మనిషి, వాళ్ల ధింసా ఆటకు మోరి ఊదేవాడు. మోరి మన సన్నాయికి చెల్లెలు లాంటిది, తాటాకు పీకతో ఊదుతారు. వాడు చెవి పెట్టి విన్నాడు.

"దీనికి కడుపు నొప్పి బాబూ" అన్నాడు. "ఏటి తినిపించావు?"

అంతలో బంగళా వైపు నుంచి ఆదినారాయణ కర్ర పట్టుకుని వచ్చాడు. "ఎవుడ్రా ఆ దున్నని సంపుతున్నాడు!" అంటూ వచ్చినవాడు నా చేతిలోది చూసి కర్ర వదిలేశాడు. ఆయన పూర్వం సిపాయిల పల్టను బ్యాండులో ఉండేవాడని ఆ క్షణం దాకా నాకు తెలీదు. దాన్ని చేతుల్లోకి తీసుకుని పైనుంచి కిందికి తడిమాడు.

"ముక్కేదిరా దీనికి?"

"ఏ ముక్కు?"

"నోట్లో ఎట్టుకునే ముక్కురా ఎదవా! పిట్టముక్కు లాగుంటాది!"

బుధు నడుముకున్న తాడు విప్పాడు. నేను పారేసిన ముక్క వాడికి నచ్చి మొలకు కట్టుకున్నాడు, పొగాకు దాచుకోవడానికి. ఆదినారాయణ అందులోంచి పొగాకు దులిపి, పంచెతో తుడిచి నా చేతికిచ్చాడు. బుధు పొగాకు ఏరుకున్నాడు.

మన పీకలో రెండు రెల్లు రేకులు ఒకదానికొకటి తగిలి మోగుతాయి కదా. దీనికి ఒకే రేకు. ఆ ముక్కు చదును మీద కడతారు. రేకు వెళ్లి చెక్కకు తగులుతుంది. కింది పెదవి రేకు కిందికి, పై పళ్లు ముక్కు మీదికి రావాలి. "నా పై పళ్లు రాలిపోనాయి, నా వాయింపూ రాలిపోనాది" అన్నాడు ఆదినారాయణ. పెట్టెలో ఉన్న రేకులన్నీ చీలిపోయి ఉన్నాయి. బుధు వెదురు చీల్చాడు, గాజుపెంకుతో గీకాం, గీకాం, పాడుచేశాం, మళ్లీ గీకాం. చివరికి ఒకటి పలికింది. మన సన్నాయి గొంతు కాదన్నయ్యా. సన్నాయి నిలబడి పిలిచే గొంతు. ఇది అడుగున చీకటి గదిలో కూర్చుని మాట్లాడే గొంతు.

వేళ్లు పెట్టడం చూడగానే తెలిసిపోయిందనుకున్నాను. ముందు ఆరు రంధ్రాలు, వెనక ఎడమ బొటనవేలికి ఒకటి. సన్నాయి పట్టినట్టే పట్టి, కింది నుంచి ఒక్కొక్క వేలూ ఎత్తుకుంటూ పోయాను. బాగానే వస్తున్నాయి. బొటనవేలి పైన ఒక మీట ఉంది. అది నొక్కితే పై స్థాయి వస్తుందని ఆదినారాయణ చెప్పాడు. సరే, కింద స పట్టుకుని మీట నొక్కి ఊదాను. పై స రావాలి. నువ్వయినా అదే అనుకుంటావు. స రాలేదు. పైస్థాయి ప వచ్చింది. రి పట్టుకుని నొక్కితే పైస్థాయి ధ వచ్చింది. రేకు తప్పనుకున్నాను, రేకు మార్చాను. తోలు బిళ్ల కారుతోందనుకున్నాను, మార్చాను. అదే ప. నన్ను వెక్కిరిస్తున్నట్టు అదే ప! బండకేసి కొట్టబోయాను. బుధు చెయ్యి పట్టుకున్నాడు.

"నీ స దానికి తెలీదు బాబూ" అన్నాడు. "దాని ఊరు దానిది. అడుగు."

అడగడం మొదలుపెట్టాను. ఒక్కొక్క వేలూ, ఒక్కొక్క మీటా. మనిషి కోపం తీరేదాకా ఒకే పని చేస్తే ఏదో ఒకటి తెలుస్తుంది. నాకు తెలిసింది ఇది. సన్నాయి లోపల పైన సన్నం, కిందికి పోనుపోను వెడల్పు. దీని లోపల పైనుంచి కింది దాకా ఒకటే వెడల్పు, వెదురు గొట్టంలా. సన్నపుల్ల దూర్చి చూశాను, గిన్నె దగ్గర తప్ప ఎక్కడా విచ్చుకోలేదు. అందుకే అయివుంటుంది, సన్నాయిలో గట్టిగా ఊదితే అవే వేళ్లకు ఎనిమిదో స్వరం తిరిగి వస్తుంది. దీనిలో పన్నెండో స్వరానికి గాని తిరిగి రాదు. స రి గ మ ప ధ ని స రి గ మ ప, లెక్కపెట్టి చూడు. మనకు వేళ్లు అయిపోయేసరికి పై స అందుతుంది, ఏడు రంధ్రాలు చాలు. దీనికి వేళ్లు అయిపోయినా పన్నెండోది ఇంకా దూరంగానే ఉంటుంది. మధ్యలో ఆ ఖాళీ ఎవరు నింపాలి? మీటలు నింపాలి! మీటలు దొరల సోకు కోసం పెట్టారనుకున్నాను. కాదు, గతిలేక పెట్టారు. ఆ సంగతి తెలిసినప్పుడు రోడ్డు మీద ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

తరవాత ఆదినారాయణను వదల్లేదు. ఎన్ని రకాలున్నాయని అడిగితే వేళ్లు మడిచి చెప్పాడు. నా దగ్గరున్నది పాత రకం. దీనికన్నా పొట్టిది ఒకటుంది, కీచుగొంతు, ఊరేగింపులో అందరి మీదా అదే వినబడుతుంది. మెడ వంగి, కింద ఇత్తడి గిన్నె పైకి తిరిగి, హుక్కాలాగుండే పెద్దది ఒకటుంది, అది ఊదితే కడుపులో కదులుతుంది. నా పెట్టెలో ఇంకొకటి పెట్టడానికి కూడా చోటుంది, అది ఖాళీ. అందులో దీని జత ఉండేదట. అవే మీటలు, అవే వేళ్లు, కాస్త పొడుగు, అరమెట్టు కింద పలుకుతుంది.

"రెండెందుకు? ఏళ్లు మార్సుకుంటే సరిపోదా?" అన్నాను.

"ఏళ్లు మార్సడం కన్నా గొట్టం మార్సడం సులువు కాదేటి? మీ సన్నాయోళ్లకి పొట్టిదీ పొడుగుదీ లేవేటి?"

ఉన్నాయి.

ఇంకొక రకం చెప్పాడు. రంధ్రాల చుట్టూ ఉంగరాలుంటాయట. వేలు రంధ్రం మూసినప్పుడే ఉంగరం కూడా దిగి, ఇంకెక్కడో ఉన్న రంధ్రాన్ని మూస్తుందట. అందులో కుడి చిటికెన వేలు నొక్కే మీటలకు ఎడమ చిటికెన వేలి దగ్గర కూడా జంట మీటలుంటాయట. నేను వెంటనే అడిగాను, "అన్నిటికీ ఉంటాయా? కుడి సిటికెనేలు లేకుండా అన్నీ పలికించొచ్చా?"

ఆయన నా వైపు చూసి, "ఒక్కదానికి ఉండదు" అన్నాడు. "తతిమ్మా అన్నిటికీ ఉంటాయి. కానీ ఆ రకం నీకీ కొండల్లో దొరకదురా నాయనా."

నేను ఆ మాట ఎందుకడిగానో ఇక చెప్పాలి. ఇంతదాకా చెప్పకుండా రాసుకుంటూ వచ్చాను.

పోయిన ఉత్తరం ఆదినారాయణ చేత రాయించింది తీరిక లేక కాదు. నా చెయ్యి కట్టులో ఉంది. భాద్రపదం వానల్లో రోడ్డు మీద కొండ జారింది. మట్టి తడిగా ఉంది, ఇవాళ వద్దు అని బుధు వాళ్లు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. మేస్త్రీ వినలేదు, బండ కింద మమ్మల్ని దింపాడు. బండ కదిలింది. అందరం బయటపడ్డాం. నా కుడి చిటికెన వేలు బయటపడలేదు. రెండు కణుపులు పోయాయి, మొదలు మాత్రం ఉంది.

మేస్త్రీ వచ్చి చూసి ఏమన్నాడో తెలుసా? "సిటికెనేలే గదరా! బొటనేలు కాదు గదా! దాంతో పనేటి నీకు?" అన్నాడు.

నేను రక్తం కారుతున్న చేత్తోనే వాడి తలపాగా లాగి లోయలోకి విసిరాను. అది ఒక చెట్టు కొమ్మకు పట్టుకుని ఇంకా అక్కడే వేలాడుతోంది. మంచు విడిపోయాక రోజూ ఒకసారి పని ఆపి దాన్ని చూస్తాను. తలపాగా విసిరినందుకు నన్ను గునపం పని నుంచి తీసేసి కంకర కొట్టే చోట కూర్చోబెట్టాడు. కొడుతున్నాను. కొట్టిన ప్రతి రాయికీ వాడి మొహమే పెట్టుకుంటాను.

నీకు ఎందుకు రాయలేదంటే, రాస్తే నువ్వు "నీ చోటు ఉంచాను" అని మళ్లీ రాయవు. ఆ మాట ఇంకొకసారి వినాలనిపించింది. అంతే కారణం. అమ్మ బెంగపడుతుందనీ అదనీ ఇదనీ చెప్పను.

గాయం మానాక సన్నాయి తీశాను. ఏడో రంధ్రం సంగతి నీకు నేను చెప్పాలా? చిటికెన వేలు దాన్ని మూయాలి. మొండి దాని దాకా అందదు. చెయ్యి కిందికి జరిపితే పై రంధ్రాలు తెరుచుకుంటున్నాయి. మైనంతో ఏడోది మూసేశాను. అడుగు స్వరం వచ్చింది, దాని పై స్వరం పోయింది. మైనం తీస్తే అది వచ్చింది, అడుగుది పోయింది. రెండూ ఒక్కసారి ఎప్పటికీ రావు. ఆ రెండిట్లో ఒకటి లేకుండా నీ పక్కన కూర్చుంటే, నువ్వు ఊరుకున్నా డోలు మామ ఊరుకోడు, పెళ్లివారు ఊరుకున్నా నేను ఊరుకోను.

మేస్త్రీ అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. చిటికెన వేలితో పనేమిటి? తిట్టుగా అన్నాడు గాని, మంచి ప్రశ్నే. క్లారినెట్టు కొన్నాక దానికి జవాబు దొరికింది. సన్నాయిలో చిటికెన వేలు మూత. మూతకు మెత్తటి కొస ఉండాలి. క్లారినెట్టులో రెండు చిటికెన వేళ్ల కిందా రంధ్రాలు లేవు, మీటలే ఉన్నాయి. మూసేది తోలు బిళ్ల. వేలు నొక్కితే చాలు. నొక్కడానికి మొండి సరిపోతుంది!

కాని కుడి చిటికెన వేలి మీట కొస దొరల నిండు వేలి కోసం చేసింది, నా మొండికి దూరం. ఉంగరాల రకం దొరకదు. బుధు ఆ మీటనూ నా మొండినీ మార్చి మార్చి చూసి, "దీనికీ ఏలు తెగింది. అతికిద్దాం" అన్నాడు. వాళ్లు కత్తికి పిడి బిగించేది లక్కతో. లక్క కాచి, దున్నకొమ్ము చెక్కి ముక్క తెచ్చి మీట కొసకు అతికించాడు. మొదటిది రెండు నొక్కులకే ఊడి పడింది. వాడు లక్కను తిట్టాడు, నేను వాణ్ణి తిట్టాను. రెండోసారి దారం చుట్టి, దాని మీద లక్క పోశాడు. చల్లారేదాకా నన్ను ముట్టుకోనివ్వలేదు. తరవాత ముందు ఆరు రంధ్రాలూ, వెనక బొటనవేలిదీ మూసి, మొండితో ఆ కొమ్ముముక్క నొక్కి ఊదాను.

పలికింది అన్నయ్యా. కారలేదు, వణకలేదు. ఆదినారాయణ బంగళా మెట్ల మీద కూర్చుని, "ఇంకా నిలుపు, ఇంకా నిలుపు" అంటూ చెయ్యి ఊపుతున్నాడు. ఊపిరి అయిపోయేదాకా నిలిపాను. మొండి నొప్పి పెట్టింది. పెట్టనీ.

నీకు అబద్ధం చెప్పను. మీట మీద గమకం రాదు. మీట తెరిస్తే పూర్తిగా తెరుచుకుంటుంది, మూస్తే పూర్తిగా మూసుకుంటుంది, సగం దానికి తెలీదు. వేళ్ల కిందున్న రంధ్రాల మీద సగం మూసి జార్చగలను, మిగతాచోట పెదవి వదులుచేసి కొంత లాగగలను. బిలహరి ఒక మోస్తరుగా వస్తోంది. నువ్వు తోడి ఎత్తుకుంటే నేను నోరు మూసుకుని కూర్చోవాలి. ఆదినారాయణను అడిగితే పల్టనులో గమకాలు అడిగినవాడు లేడన్నాడు. నేను అడుగుతాను. ఇంకా వెతుకుతాను.

ఇక నీ ప్రశ్నకు జవాబు. రెండో సన్నాయి చోటు అప్పారావుకు ఇచ్చెయ్యి. వాడు వేగం ఎక్కువ పోతాడు, కాస్త పట్టి ఉంచు. వాడికి ఏడు వేళ్లూ ఉన్నాయి, అది చాలు. ఆ చోటు మీద నాకు ఆశ లేదు. ఈ వాక్యం రాసేలోపు సిరా రెండుసార్లు ఎండిపోయింది.

కాని నన్ను మేళం లోంచి తియ్యకు. నీకు అటు పక్కన, డోలు వెనక, ఎక్కడయినా సరే, ఈ నల్ల గొట్టంతో కూర్చుంటాను. జనం నవ్వితే నవ్వనీ. వాళ్ల నవ్వుకు నేను భయపడను. నేను భయపడేది ఒక్కదానికే. నీ సన్నాయి శ్రుతి దీనిలో ఎక్కడుందో నాకు తెలీదు. నీ స దీని వేళ్లలో ఒకదాని మీద సరిగ్గా పడితే మనిద్దరం కలిసి వాయించొచ్చు. రెండు వేళ్ల మధ్యన పడితే ఎన్ని మీటలున్నా లాభం లేదు. దీని జత ఉంటే అది సరిపోయేదేమో, అదీ లేదు. చెవిలో ఉన్న నీ స మీద నాకు నమ్మకం పోయింది, విని చాలా రోజులైంది. నా సన్నాయిని అడుగుదామంటే దాని పీక ఈ చలికి బిగిసి శ్రుతి మారింది.

అందుకని ఒక పని చెయ్యి. సన్న వెదురు గొట్టం ఒకటి నీ స పలికేలా కోసి, ఊది, సరిచూసి, ఉప్పు బళ్లవాడి చేతికిచ్చి పంపు. ఒక్క స చాలు, రంధ్రాలు పెట్టకు. బేగి పంపు. అమ్మకు వేలి సంగతి నువ్వే చెప్పు, నీకు తోచినట్టు చెప్పు. వదినకు కంబళి సంగతి కూడా చెప్పెయ్యి, రెండు తిట్లూ ఒకేసారి పడతాయి.

గొట్టం వచ్చిన రోజే చూస్తాను. కలవకపోతే కలవలేదనే రాస్తాను. కలిస్తే ఉత్తరం రాయను. బయల్దేరి వచ్చేస్తాను.

ఇట్లు,
నీ తోడబుట్టినవాడు,
పైడయ్య